మన వీధి శబ్దములును విద్యుత్సంగీతమును



సంగీతమనగా కంఠమునుండియో, వీణ, వేణువు, మృదంగము మొదలగు వాద్యములనుండియో పుట్టునది యని మనలో ననేకులు తలంతురు. తక్కిన దంతయు రొద యని త్రోసివేయుదురు. ఆ రొదనే పట్టి, చిక్కు విడదీసి, యేర్చి కూర్చినయెడల నదియును సంగీతము కాగలదని గత శతాబ్దమున పలువురు సంగీతకర్తలు నిరూపించిరి. నేడు చేతి ఫోనును కంప్యూటరును గలవా డెవడైనను ఈ విద్య నభ్యసింపవచ్చును. ఇది యెట్లు పుట్టెనో, ఇందలి శాస్త్ర మేమో, హైదరాబాదు నగరపు హైటెక్ సిటీ ప్రాంతమున మేము దీని నెట్లభ్యసించితిమో, అందు మేము చేసిన తప్పొకటి మాకేమి నేర్పెనో ఈ వ్యాసమున క్రమముగా వివరింతుము.

1. ఊహ ప్రాతది

ఈ విద్యకు యంత్రములు క్రొత్తవి గాని, యూహ మనకు క్రొత్తది గాదు. మన తల్లులు ధాన్యము దంచుచు పాడిన దంపుళ్ల పాటలకు తాళము వేసినది రోకలియే. విసరుచు పాడిన పాటలకు తిరుగటి రాళ్ల గరగరయే శ్రుతి పట్టెను. కర్ణాటక సంగీత సభలో మృదంగము ప్రక్కను కూర్చుండు ఘటము వంటయింటి కుండకు తోబుట్టువు. జలతరంగ మనగా నీరు పోసిన పింగాణి గిన్నెల వరుస. మన ప్రాచీన శాస్త్రకారులు సప్తస్వరములను జంతువుల కూతలతో పోల్చి చెప్పిరి. షడ్జమునకు నెమలిని, గాంధారమునకు మేకను, పంచమమునకు కోయిలను, నిషాదమునకు ఏనుగును గుర్తుగా నిలిపిరి. వారు చెవియొగ్గి వినినది చెట్టును, కొట్టమును, వీధియు గదా!

పరిశుద్ధ గ్రంథమున ఆదికాండము నాలుగవ యధ్యాయమున లెమెకు కుమారుల వృత్తాంతము మీరు చదివియుందురు. యూబాలు వాద్యములు వాయించువారికి మూలపురుషుడు. తూబల్కయీను లోహపు పనిముట్లు చేయువాడు. వీరిరువురు నొక్క తండ్రి బిడ్డలు. సుత్తి దెబ్బయు తంతినాదమును ఒకే యింట పుట్టినవని దీనివలన మేము గ్రహించుచున్నాము.

2. విద్య పెరిగిన క్రమము

శబ్దము నిలుచునది కాదు. పుట్టిన క్షణముననే గతించును. దానిని నిలిపి మరల వినిపించు యంత్రమును అమెరికాలో థామస్ ఎడిసన్ 1877లో నిర్మించెను. మన దేశమున 1902లో కలకత్తా నగరమున గౌహర్ జాన్ పాటలు గ్రామఫోను రికార్డుల కెక్కెను. కాని చిరకాలము ఈ యంత్రము పాటకును మాటకును మాత్రమే పాత్రయై యుండెను. వీధి చప్పుడు రికార్డులో పడినచో దానిని దోష మనిరి.

1913లో ఇటలీ దేశస్థుడైన లూయిజీ రుస్సోలో, యంత్రయుగపు రొదలను సంగీతకర్తలు స్వీకరింపవలె నని వాదించుచు నొక ప్రకటన వ్రాసెను. 1944లో ఐగుప్తు దేశమున, కైరో నగరమున, హలీం ఎల్‌దబ్హ్ అను యువకుడు లోహపు తీగపై శబ్దమును ముద్రించు యంత్రము నెరవు దెచ్చి, స్త్రీలు జరుపు ‘జార్’ అను తంతులోని గానమును పట్టి, దాని కంపములను మార్చి క్రొత్త రచన చేసెను. 1948లో పారిస్ నగరమున ఫ్రెంచి రేడియోలో పనిచేయుచున్న పియేర్ షాఫేర్ రైలుబండ్ల చప్పుళ్లను రికార్డు చేసి, ఆ రికార్డులనే కలిపి ‘రైలు మార్గముల అభ్యాసము’ అను అర్థము గల రచనను ప్రసారము చేసెను. ఇట్టి సంగీతమునకు ఆయన పెట్టిన పేరునకు ‘మూర్త సంగీతము’ అని మనము చెప్పుకొనవచ్చును.

షాఫేర్ కనుగొనిన రెండు సంగతులు నేటికిని ఈ విద్యకు పునాదులు. రికార్డుపై గాడి యొకటి మూసికొనిపోయి సూది యొకచోటనే తిరుగుచుండగా, ఒకే చప్పుడు మరల మరల వినబడి తాళ మయ్యెను. ఇది మొదటిది. గంట మ్రోగినప్పుడు కలుగు తొలి దెబ్బను తీసివేసి, తరువాతి నాదమును మాత్రము వినిపింపగా, అది గంట యని యెవరును గుర్తింపజాలకపోయిరి. ఊదు వాద్యమువలె నుండెను. ఇది రెండవది. ఒక శబ్దము ఫలానిదని మన చెవి పోల్చుకొనుట కెక్కువగా దాని యారంభమే తోడ్పడునని దీనివలన తేలెను.

పిమ్మట అయస్కాంతపు టేపు వచ్చెను. కత్తెరతో కోసి, జిగురుతో నతికి సంగీతము కూర్చు కాలమది. 1958లో లండను బి.బి.సి. వారు ఇందుకై యొక కార్యశాల నెలకొల్పిరి. అందు పనిచేసిన డెలియా డెర్బిషైర్ అను విదుషీమణి లోహపు దీపపు కప్పును కొట్టి, యా నాదమునుండి రచనలు చేసెను. మన దేశమున అహమ్మదాబాదు జాతీయ డిజైన్ సంస్థలో 1969లో అమెరికా దేశీయుడైన డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజరు నమర్చి విద్యుత్సంగీతశాలను ఏర్పరచెను. గీతా సారాభాయి మొదలగు భారతీయులు 1972 వరకును అచ్చట రచనలు చేసిరి. ఆ టేపులు బహుకాలము బీరువాలలో మరుగుపడి యుండి, పాల్ పుర్గాస్ అను కళాకారుని పరిశోధనవలన వెలువడి, 2023లో లోకమునకు వినబడెను. మన నగరమున మూర్తోవిక్ అను పేర ప్రసిద్ధుడైన విద్యుత్సంగీతకర్త కర్ణాటక గానమును యంత్రనాదములతో మేళవించి పనిచేసియున్నాడు.

1979లో ఆస్ట్రేలియాలో వెలువడిన ఫెయిర్‌లైట్ అను యంత్రము, ఏ శబ్దమునైనను అంకెలుగా మార్చికొని, హార్మోనియము మెట్లవంటి మెట్లపై వాయించుటకు వీలు కలిగించెను. అప్పుడది ధనికులకే దక్కెను. నేడట్టి పని ఉచితముగా దొరకు ఆడాసిటీ వంటి సాఫ్టువేరుతో బీద విద్యార్థియు చేయగలడు.

3. ఇందలి శాస్త్రము

శబ్దము వాయువునందలి కంపనము. మన చెవి సుమారుగా సెకండునకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను వినగలదు. ఫోనులోని మైక్రోఫోను ఆ కంపనమును విద్యుత్తుగా మార్చును. కంప్యూటరు ఆ విద్యుత్తును సెకండునకు 44,100 సారులు కొలిచి, కొలిచిన ప్రతిసారియు నొక యంకెను వ్రాసికొనును. ఏ కంపనమునైనను సరిగా పట్టుటకు దాని సంఖ్యకు రెట్టింపునకు మించి కొలువవలె నని నియమము. 20,000కు రెట్టింపు 40,000. కొంత యెడము చేర్చి 44,100 అనిరి.

ప్రతి కొలతకును 16 బిట్లు, అనగా 2 బైట్లు వినియోగింతురు. కావున నొక సెకండునకు 88,200 బైట్లు, ఒక నిమిషమునకు 52,92,000 బైట్లు పట్టును. ఇది యొక మైక్రోఫోను లెక్క. ఇట్లు పట్టిన చిన్న శబ్దఖండమునే వాడుకలో శాంపిల్ అందురు.

శాంపిల్‌ను మార్చు పనులు ముఖ్యముగా నైదు.

మొదటిది కోయుట. అక్కరలేని ముందు వెనుకలను తీసివేయుట.

రెండవది వేగము మార్చుట. సగము వేగముతో నడిపినచో శబ్దము రెట్టింపు కాలము సాగి, ఒక స్థాయి క్రిందికి దిగును. స్టీలు లోటాపై చెంచాతో కొట్టి, ఆ శబ్దమును నాల్గవవంతు వేగముతో నడుపుడు. రెండు స్థాయిలు దిగి, దేవాలయపు పెద్ద గంటవలె మ్రోగును.

మూడవది వెనుకనుండి ముందునకు నడుపుట. దెబ్బతో మొదలై సన్నగిల్లు శబ్దము, సన్నగా మొదలై ఉబ్బి, తటాలున ఆగును.

నాల్గవది ఆవృత్తి చేయుట. చప్పుడు మరల మరల వచ్చినచో చెవి దానిని తాళముగా స్వీకరించును.

ఐదవది జల్లెడ పట్టుట. కంపనములలో హెచ్చువానినో తగ్గువానినో తొలగించుట. తలుపు వేసిన గదిలోని పాట బయట నిలిచినవానికి బరువుగాను మసకగాను వినబడుట మీ రెరుగుదురు. తలుపు చేయు పనియే ఈ జల్లెడ చేయును.

4. హైటెక్ సిటీలో మా శబ్దయాత్ర

పుస్తకమున చదివిన దానిని చెవితో నేర్వవలె నని, తొమ్మిదవ తరగతి విద్యార్థులతో నొక శనివారమున మేము మెట్రోలో బయలుదేరి హైటెక్ సిటీ స్టేషనులో దిగితిమి. అమీర్‌పేటనుండి ఇచ్చటికి మెట్రో 2019 మార్చి నెలలో వచ్చినది. కొలదిదూరమున సైబర్ టవర్సు కలదు. దానిని 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు ప్రారంభించిరి. అంతకు పూర్వ మీ మాదాపురము, రాయదుర్గము, గచ్చిబౌలి ప్రాంతములు నల్లరాతి గుండ్లును, చెఱువులును, పల్లెలును గల సీమ.

కెనడా దేశపు సంగీతకర్త ముర్రే షేఫర్ ఒక ప్రదేశపు శబ్దములను మూడు తెగలుగా విభజించి వినుమనెను. విద్యార్థులు చేతఫలకములపై మూడు గళ్లు గీసికొని, వినబడిన దానిని ఆ గళ్లలో వ్రాసిరి.

మొదటి తెగ నేపథ్యశబ్దములు. ఇవి యెడతెగక సాగుటచేత మన మెరుగకయే వినునవి. ఇచ్చట నవి అద్దాల మేడలపై తిరుగు చల్లదనపు యంత్రముల హోరును, వంతెనమీది వాహనముల హోరును. ఆ హోరులో కాసేపు నిలిచి వినినవారికి మఱియొకటి తోచినది. వంతెన యతుకులపై చక్రములు దాటునప్పుడు ‘దబ్బు దబ్బు’ మని జంట చప్పు డగును. బండి వేగమునుబట్టి యా జంట దగ్గరగనో దూరముగనో పడును.

రెండవ తెగ సంకేతశబ్దములు. మన దృష్టిని కోరి పిలుచునవి. మెట్రో తలుపుల గంట, ఆటోల హారన్లు, కార్యాలయపు ద్వారమున ఉద్యోగి కార్డు తాకించినప్పటి ‘బీప్’ చప్పుడు, ఇరానీ హోటలులో సాసరుపై కప్పు పెట్టినప్పటి టకటక.

మూడవ తెగ స్థానముద్రలు. ఆ చోటికే ప్రత్యేకమై, అవి లేనిచో ఆ చోటు అది గాదనిపించునవి. ఈ గడి నింపుట కష్టమాయెను. అద్దాల మేడలు ఏ దేశమున నైనను నొక్క తీరున హోరెత్తును. తుదకు దుర్గం చెఱువు గట్టున నీటిపక్షుల కూతలును, దూరమున నొక రాతిగుండును పగులగొట్టు యంత్రపు ధ్వనియు, బాటప్రక్క మొక్కజొన్న కంకులు కాల్చి యమ్ము నొక ముదుసలి కేకయు ఆ గడిలో చేరెను.

శబ్దము పట్టుటలో మేము నేర్చిన మెలకువలు కొన్ని చెప్పుదుము. ఫోనును శబ్దమునకు జానెడు దూరమున నుంచుడు. గాలి వీచునపుడు మైక్రోఫోనుపై పలుచని రుమాలు కప్పుడు. శబ్దపు మట్టము ఎఱ్ఱగీత దాటినచో ఆ భాగము చెడిపోవును. తరువాత బాగుచేయ వీలుపడదు. ప్రతి చోటను తొలుత పది సెకండులు ఊరక యుండి ఆ చోటి నిశ్శబ్దమును పట్టుడు. అతుకులు కనబడకుండ కలుపుటకు అది పనికివచ్చును. తేదీని, స్థలమును, వేళను వ్రాసికొనుట మరువకుడు.

పాఠశాలకు వచ్చి రెండు నిమిషముల రచన చేయ నిశ్చయించితిమి. నిమిషమునకు 96 దెబ్బల వేగమును గ్రహించితిమి. ఆదితాళమున నెనిమిది యక్షరములు గదా! ఈ వేగమున నొక యావర్తమునకు సరిగా ఐదు సెకండులు పట్టును. రెండు నిమిషములకు 24 ఆవర్తములు. వంతెన చప్పుడు మృదంగ మయ్యెను. కప్పు సాసర్లు తాళము లయ్యెను. చల్లదనపు యంత్రపు హోరును జల్లెడ పట్టి శ్రుతిగా నిలిపితిమి.

5. మేము చేసిన తప్పు

కంకులమ్ము ఆమె కేకను ఒక బాలుడు ఆమె యెరుగకుండ చాటుగా ఫోనులో పట్టియుండెను. ‘కంకులూ, కాల్చిన కంకులూ, ఇరవైకొకటి’ యని యామె కేక. అతడు దానినుండి ‘కం’ అను తునుకను మాత్రము కోసి, వేగము హెచ్చించి, కీచుమని పదేపదే వచ్చునట్లు చేసి వినిపించెను. తరగతి యంతయు విరగబడి నవ్వెను. సత్యము చెప్పవలెను గదా, మేమును నవ్వితిమి. పని నేర్పుగానే చేసియుండెను.

కడపటి బల్లపై నున్న యొక బాలిక మాత్రము నవ్వలేదు. తరగతి ముగిసిన పిమ్మట మాయొద్దకు వచ్చి, “సార్, మా అమ్మ గూడ బండి మీద ఇట్లనే అరుస్తది” అని మాత్రమే చెప్పి వెడలిపోయెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. శబ్దమును కోయుట, వేగము మార్చుట, ఆవృత్తి చేయుట బోధించితిమి. శబ్దమునకు యజమాని యుండునని బోధింపమైతిమి. వంతెన చప్పుడు ఎవరి సొత్తును గాదు. మనుష్యుని కంఠ మట్టిది గాదు. ఆ కేకతో నామె పూట గడచుచున్నది. దానిని మేము వినోదమునకై తునుకలు చేసితిమి.

మరుసటి శనివారమున ఆ బాలునితో గూడ ఆమెయొద్దకు పోయి, జరిగినది చెప్పి, క్షమింపు మని యడిగితిమి. ఆమె చేతిలోని విసనకఱ్ఱ ప్రక్కన నుంచి, చెవిలో తీగ పెట్టుకొని యంతయు వినెను. కోపించు నని మేము భయపడితిమి. ఆమె యా బాలుని వంక చూచి, “పిలుపు సగంల కోసినవేంది బిడ్డా? ధర చెప్పకుంటె ఎవరొస్తరు?” అనెను. పిమ్మట, “పెట్టుకోండ్రి గని, పూర్తిగ పెట్టుండ్రి. ఇంకోపారి చెప్త, మంచిగ పట్టుకో” అని గొంతు సవరించుకొని, వీధి మలుపు దాక వినబడునట్లు కేకవేసెను.

ఆ కేక యైదు సెకండులు పట్టెను. కొలిచి చూడగా నది మా యావర్తమునకు సరిగా సరిపోయెను. ఒక్క యక్షరమైనను కోయ నక్కర లేకపోయెను. రచనలో పండ్రెండవ యావర్తమున తక్కిన చప్పుళ్లన్నియు ఆపి, ఆ కేకను మాత్రమే నిలిపితిమి. వార్షికోత్సవమున దానిని వినిపించుటకు ముందు, ఈ కంఠము ఫలాని చోట కంకులమ్ము తల్లిది, ఆమె యనుమతితో వాడితిమని ఆ బాలికయే చదివెను. సభ నిశ్శబ్దముగా వినెను. ఆ తల్లిని ఆహ్వానించియుంటిమి గాని, సాయంకాలము బేరపు వేళ యని రాలేకపోయెను. మరునాడా బాలుడే పోయి, ఫోనులో వినిపించి వచ్చెను.

6. అభ్యాసములు

(1) మీ యింట పది నిమిషములు కన్నులు మూసికొని కూర్చుండి, వినబడిన శబ్దములను పైన చెప్పిన మూడు తెగలుగా వ్రాయుడు.
(2) లోటా, చీపురు, తలుపు గడియ, కుక్కరు ఈల, వీనిలో రెంటిని ఫోనులో పట్టి, ఒకదానిని సగము వేగమునను, ఒకదానిని వెనుకనుండి ముందునకును నడిపి, కలిగిన మార్పును వర్ణింపుడు.
(3) నిమిషమునకు 120 దెబ్బల వేగమున ఆదితాళపు టావర్తమునకు ఎన్ని సెకండులు పట్టునో గణింపుడు.
(4) గంట తొలి దెబ్బను కోసివేసినచో మనము దానిని గుర్తింపలేకపోవుటకు కారణమేమి?
(5) మీ వీధిలో మీ తాతగారి కాలమున వినబడి, నేడు వినబడని శబ్దము నొకదానిని పెద్దల నడిగి తెలిసికొనుడు.

7. ముగింపు

ఐదవ యభ్యాసమును గూర్చి యొక్క మాట. అద్దాల మేడలు రాకమునుపు రాయదుర్గపు రాతిగుండ్లయొద్ద వడ్డెరలు ఉలి నిలిపి సుత్తితో కొట్టు చప్పుడు వినబడెడిదని పెద్దలు మాతో చెప్పిరి. ఒకడు కొట్టగా, వేరొకడు ప్రక్కగుండుపై బదులు కొట్టెడివాడట. ఆ చప్పుడు మాయొద్ద నొక్క సెకండైనను లేదు. ఆ గుండ్లు పెక్కులు నేడు లేవు. రెండువందల యేబది కోట్ల సంవత్సరములు నిలిచిన రాయియే నిలువనప్పుడు, క్షణమాత్రము నిలుచు శబ్దమును గూర్చి చెప్పవలెనా?

కావున విద్యార్థులారా, మీ చేతి యంత్రమును ఆటకు మాత్రమే వాడకుడు. వినుడు. పట్టదగినది పట్టుడు. మనుష్యుని కంఠమైనచో ముందు ఆ మనుష్యుని యడుగుడు. పూర్తిగా పెట్టుమని చెప్పినచో పూర్తిగా పెట్టుడు. ఆ కంకులమ్ము తల్లి మాకు నేర్పిన సంగీతపాఠ మింతే. మాకు శిక్షణ కళాశాలలో ఈ పాఠము చెప్పినవారు లేరు.